డప్పు ఆగాక

నేను ఒక వాకీటాకీని. అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బాను. నెత్తిన జానెడు యాంటెన్నా, పక్కన ఒక బటన్. బటన్ నొక్కితే మాట్లాడతాను, వదిలితే వింటాను. రెండు పనులూ ఒకేసారి నా వల్ల కాదు. మనుషులు మాత్రం ఆ రెండూ ఒకేసారి చేయగలమనుకుంటారు. వాళ్ల ఇళ్లలో అన్ని గొడవలు ఎందుకో నాకు అప్పుడప్పుడూ అర్థమవుతుంది.

మా జాతిలో ఎవరూ ఒంటరిగా పుట్టరు. ఒకే పెట్టెలో నా పక్కనే నా తోడు ఉండేది. పెట్టె మీద ఎర్రటి అక్షరాలతో "పది కిలోమీటర్ల వరకు" అని ఉండేది. "పది" బారెడు, "వరకు" బెత్తెడు. కార్ఖానాలో నన్ను పరీక్షించిన అమ్మాయి మూడు గజాల దూరంలో కూర్చున్న ఇంకో అమ్మాయితో రెండు మాటలు మాట్లాడి, కాగితం మీద టిక్కు పెట్టి నన్ను పక్కకు తోసేసింది. ఆ మూడు గజాలు పది కిలోమీటర్లు ఎలా అయ్యాయో పెట్టె అచ్చు వేసినవాడికే తెలియాలి.

హైదరాబాదు కోఠీలో ఒక కొట్టు గాజు అల్మారాలో నాలుగు నెలలున్నాం. పెళ్లి మండపాల వాళ్లు వచ్చేవారు, అపార్టుమెంట్ల వాళ్లు వచ్చేవారు. కొట్టాయన ఒక సెట్టు తన దగ్గర పెట్టుకుని, రెండోది కుర్ర గుమాస్తాకిచ్చి వీధి చివరిదాకా పంపేవాడు. "హలో, చాయ్ చెప్పనా?" అని అక్కణ్నుంచి గొంతు ఖంగుమని వినిపించేది. కొనేవాళ్లు తలూపి డబ్బులిచ్చి వెళ్లేవారు. వీధి చివర మాట్లాడిన సెట్టు గుట్ట వెనకా మాట్లాడుతుందని నమ్మడంలో మనుషులకున్న ఉదారత ఇంకెందులోనూ లేదు.

హబీబుద్దీన్ సాబ్ మాత్రం అలా నమ్మే రకం కాదు. హనుమకొండలో వ్యాయామం మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. వయసులో ఉన్నప్పుడు రాష్ట్రస్థాయి తుపాకీ పోటీల్లో ఆడాడు. పంటల మీద పడే అడవిపందుల్ని కాల్చడానికి అనుమతి ఉన్న షూటర్ల పట్టీలో ఆయన పేరుంది. సర్పంచి కాగితం రాసి పిలిస్తేనే వెళ్తాడు. కొట్టాయన పది కిలోమీటర్లు అనగానే ఆయన కళ్లజోడు సర్దుకుని, మొక్కజొన్న చేనులో ఎంత దూరం పలుకుతుందని అడిగాడు. కొట్టాయన ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఎవరూ వేయని ప్రశ్న అది. నీళ్లు నమిలి, "మంచిగనే వస్తది సాబ్" అన్నాడు. చేను తడిసి ఉంటేనో అని సాబ్ మళ్లీ అడిగాడు. దానికి కొట్టాయన చాయ్ తెప్పించాడు.

మొత్తానికి ఆయన మమ్మల్నే తీసుకున్నాడు. పెట్టె మీద అంకె చూసి కాదు. నా బటన్ పెద్దది, చెమట చేతికీ తడి చేతికీ అందుతుంది. యాంటెన్నా మరతో బిగించింది, అవసరమైతే పొడుగుది మార్చుకోవచ్చు. చీకట్లో వెలిగి జంతువుల్ని బెదిరించే రంగురంగుల దీపాలు లేవు. మా పక్క అల్మారాలో ఇరవై కిలోమీటర్ల పెట్టె ఒకటి ఉండేది. దాన్ని ఆయన చేతిలోకైనా తీసుకోలేదు. అబద్ధం ఎంత పెద్దదైతే అంత అనుమానించాలన్నది ఆయన లెక్క.

అలా నేను బండమీదిపల్లెకు వచ్చాను. వరంగల్‌కు తూర్పున, పాలగుట్ట అనే రాతిగుట్ట చుట్టూ మొక్కజొన్న చేలున్న ఊరు. ఆ ఏడాది పందుల మంద ఒకటి గుట్ట వెనకున్న కొమురవ్వ చేనుకు మరిగింది. కొమురవ్వ భర్త పోయిన మనిషి, రెండెకరాలు కౌలుకు పట్టి ఒక్కతే చేసుకుంటోంది. కంకి పాలు పోసుకునే దశ. ఒక మూల అరెకరం అప్పటికే దున్నేసినట్టుంది. ఇంకో వారం ఇలాగే సాగితే కోయడానికి చొప్ప తప్ప ఏమీ మిగలదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

పందుల్ని చేనులోంచి బయటికి తోలే ముఠాకు పెద్ద ఓదెలు. యాభై అయిదేళ్లవాడు. వాళ్ల నాయన నుంచి వచ్చిన డప్పు, వాళ్ల నాయన నుంచే వచ్చిన పద్ధతి. డప్పు మోగుతున్నంతసేపూ చేనులో మనుషులున్నట్టు. మనుషులందరూ గట్టెక్కాక డప్పు ఆగుతుంది. డప్పు ఆగాక తుపాకీ పేలేదాకా ఎవరూ పెదవి విప్పరాదు. దగ్గకూడదు, తుమ్మకూడదు. ఎందుకని అడిగితే, "అట్లనే నడుస్తది" అనేవాడు ఓదెలు. పందులు వెనక్కి మళ్లుతాయని కొందరు, కీడని కొందరు అనుకునేవారు.

సాబ్ నన్ను ఓదెలు చేతిలో పెట్టి, నా తోడును తన దగ్గరుంచుకుని ఒక రోజంతా నా బండారం బయటపెట్టాడు. ఓదెలు నడుస్తూ వెళ్తుంటాడు, వంద అడుగులకోసారి పిలుస్తుంటాడు, సాబ్ కాగితం మీద గుర్తు పెట్టుకుంటాడు. తార్రోడ్డు మీద రెండున్నర కిలోమీటర్లు పలికాను. ఖాళీ చెలకల్లో ఒకటిన్నర. మొక్కజొన్నలోకి దిగేసరికి ఎనిమిది వందల గజాలకు నా గొంతు బొంగురుపోయింది, ఎందుకంటే పచ్చటి ఆకులోని నీళ్లన్నీ నా మాటను తాగేస్తాయి. నేరుగా గుట్ట చాటుకు వెళ్లినప్పుడు మూడు వందల గజాలకే మూగబోయాను. ఓదెలు నన్ను రొండిన దోపుకుంటే ఒక రకం, మొహం ఎత్తున పట్టుకుంటే ఇంకో రకం. పది కిలోమీటర్లు కావాలంటే ఆ గుట్ట నెత్తి నుంచి ఇంకో గుట్ట నెత్తికి, మధ్యలో చెట్టూ పుట్టా మనిషీ లేకుండా మాట్లాడుకోవాలి. అలాంటి చోట ఎవరికి ఎవరితో ఏం పని ఉంటుందో నాకు తెలియదు.

చివరికి సాబ్ తను నిలబడాల్సిన చోటు తేల్చుకున్నాడు. గుట్ట పక్కనుంచి వాగులోకి దిగే దారి అది, చేనుకు ఆరు వందల గజాలు, మధ్యలో అంతా మొక్కజొన్నే. అక్కడినుంచి చేను గట్టుకు నా మాట స్పష్టంగా అందుతోంది. ఆయన ఓదెలుకు ఒకే ఒక్క నియమం చెప్పాడు. తను పిలుస్తాడు, ఓదెలు బదులియ్యాలి. బదులొస్తేనే కాలుస్తాడు, రాకపోతే కాల్చడు. ఓదెలు తలూపాడు. కానీ ఆ తలలోకి వెళ్లింది వేరే. ఏదైనా ఆపద వస్తే ఇందులో చెప్పాలి, రాకపోతే నోరు మూసుకోవాలి అని అతనికి అర్థమైంది. నలభై ఏళ్లుగా డప్పు ఆగాక మాట్లాడని మనిషికి ఇంకో రకంగా ఎలా అర్థమవుతుంది!

మొదటి తోలుడు ఒక ఆదివారం పొద్దున, మంచు ఆరకముందే జరిగింది. ఆరుగురు చేనులోకి దిగారు. ఓదెలు డప్పుతో, కొమురవ్వ రేకు డబ్బాతో, మిగతా నలుగురు కర్రలతో. పందులు కదిలాయి. మనుషులు గట్టెక్కారు. డప్పు ఆగింది.

"ఓదెలూ, అందరు బయటికొచ్చిండ్రా?" అని సాబ్ గొంతు నాలోంచి ఖంగుమంది.

కోఠీ వీధిలో కూడా నేనంత చక్కగా పలకలేదు. ఓదెలు మాత్రం గుడిలో చెప్పులు మోగినట్టు ఉలిక్కిపడి, గబుక్కున నా గొంతు తగ్గించి, తువ్వాలులో చుట్టేశాడు. సాబ్ మళ్లీ పిలిచాడు. ఏడుసార్లు పిలిచాడు. తువ్వాలు మడతల్లోంచి ఏడుసార్లూ వినిపించాను. ఓదెలు వేలు నా బటన్‌కు రెండంగుళాల దూరంలో ఉంది. మనుషులు నా రేంజి గురించి ఎన్నో అడిగారు కానీ, ఆ రెండంగుళాల గురించి ఎవరూ అడగలేదు.

అటు సాబ్ తుపాకీ ఎత్తి పట్టుకుని బదులు కోసం చూస్తున్నాడు. ఇటు ఓదెలు తుపాకీ చప్పుడు కోసం చూస్తున్నాడు. పదకొండు పందులు, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని, సాబ్ ముందు నుంచి ఇరవై అడుగుల దూరంలో తీరిగ్గా నడిచి వాగు దాటాయి. పొద్దుగూకాక మళ్లీ కొమురవ్వ చేనుకే వచ్చాయి.

ఊరు మండిపడింది. సాబ్ కూడా ఏమీ తోచక, ఏమైంది, వినపడలేదా అని ఓదెలును అడిగాడు. అందరూ చూస్తుండగా ఓదెలు నేల చూపులు చూస్తూ, "మిషిన్ పట్టలే సాబ్" అన్నాడు. అంతే, తప్పంతా నా నెత్తికి చుట్టుకుంది. ఒకాయన నన్ను తిరగేసి వీపు మీద రెండు తట్టాడు. ఇంకొకాయన చైనా సరుకన్నాడు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. నేను అందించిన ఏడు పిలుపుల్నీ తువ్వాలులో చుట్టి, ఆ పైన నన్నే మూగదాన్ని చేశాడు ఓదెలు.

సాబ్ తన కాగితం తీసి చూసుకున్నాడు. ముందటి వారం అదే గట్టు మీద నుంచి పలికిన సెట్టు ఆ పొద్దున ఎందుకు పలకలేదో ఆయనకు అర్థం కాలేదు. మంచుకు తడిసిన ఆకుదే తప్పని తేల్చుకున్నాడు. పొడుగు యాంటెన్నాలు హైదరాబాదు నుంచి తెప్పిస్తానని, ఎనిమిది రోజులు పడుతుందని, అప్పటిదాకా తుపాకీ ముట్టనని చెప్పాడు. మనిషి ఎక్కడున్నాడో తెలియకుండా కాల్చడం ఆయన వల్ల కాదు.

కొమురవ్వ ఆయన్ని తిట్టలేదు. "ఎనిమిది దినాలు పందులు ఆగుతయా సాబ్?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఓదెలు ఆమె చేను గట్టున పోతుంటే మంచె కింద ఇనప తీగ చుట్ట కనిపించింది, పైన గోనెసంచి కప్పి ఉంది. అదేమిటని అడగాల్సిన పని లేదు. చేను చుట్టూ తీగ కట్టి, కరెంటు స్తంభానికి కొండీ తగిలిస్తే పందులు చస్తాయి. మనుషులూ చస్తారు. కిందటేడు పక్క ఊళ్లో అన్నదమ్ములిద్దరు అలాగే నీళ్లు కట్టడానికి వెళ్లి తిరిగి రాలేదు. ఓదెలు ఆ చుట్ట దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నేను అతని రొండినే ఉన్నాను. తీగ కట్టొద్దని ఆమెకు చెప్పే మొహం అతనికి లేదు. పందులు ఎందుకు బతికిపోయాయో తెలిసిన మనిషి అతనొక్కడే.

సాబ్ ఊళ్లోనే, బడి గదిలో బస చేశాడు. ఓదెలు అక్కడికి నడిచి వెళ్లొచ్చు, అయిదు నిమిషాల దారి. వెళ్లలేదు. ఎండ చల్లబడ్డాక తన ఇంటి అరుగు మీద కూర్చుని, నన్ను మొహం ఎత్తున పట్టుకుని, బటన్ నొక్కాడు. మొహం చూసి చెప్పలేని మాటలు కొన్నుంటాయి. వాటికోసమే నన్ను కనిపెట్టారేమో అని ఆ రోజు నాకనిపించింది.

"సాబ్, నాకు ఇనవడ్డది. ఏడు మాట్ల పిలిచిండ్రు, ఏడూ ఇనవడ్డయి. మిషిన్‌ది తప్పు లేదు. నేనే నొక్కలే."

ఎందుకు నొక్కలేదో, కొమురవ్వ మంచె కింద ఏం చూశాడో కూడా చెప్పాడు. సాబ్ చివరిదాకా విన్నాడు. కోప్పడతాడని ఓదెలు భయపడ్డాడు కానీ, సాబ్ ముందుగా అడిగింది కొమురవ్వ తీగ అప్పటికే కట్టిందా లేదా అని. కట్టలేదని ఓదెలు చెప్పగానే, తెల్లారే తోలుదామన్నాడు. ఆ తర్వాత ఒక షరతు పెట్టాడు.

"డప్పు ఆగినంక నువ్వే నన్ను పిలవాలె. అందరం అంటే నేను ఒప్పుకోను. ఎంతమంది బయటున్నరో అంకె చెప్పాలె."

ఓదెలు ఆ రాత్రే కొమురవ్వ ఇంటికెళ్లి తప్పు ఒప్పుకున్నాడు. ఆమె, రేపు పొద్దున డబ్బా పట్టుకుని వస్తానంది.

మంగళవారం పొద్దున మళ్లీ ఆరుగురూ దిగారు. ఈసారి అటవీశాఖ బీటు ఆఫీసరు కూడా వచ్చి రోడ్డు మీద జీపులో కూర్చున్నాడు. పందిని కొట్టాక ఆయన చూసి కాగితం రాయాలి. డప్పు మోగింది, డబ్బా మోగింది, చేనులో చొప్ప విరిగే చప్పుడు గుట్ట వైపు సాగింది. మనుషులు గట్టెక్కారు. డప్పు ఆగింది.

ఓదెలు నన్ను ఎత్తి పట్టుకున్నాడు. నలభై ఏళ్లలో మొదటిసారి పెద్దవాళ్ల మాట దాటుతున్నాడు. మిగతావాళ్లు అతన్ని మింగేసేలా చూస్తున్నారు. ఆరుగురం అన్న మాట అతని నాలుక మీద తయారుగా ఉంది. ఆరుగురు దిగారు, ఆరుగురు ఎక్కుతారు. బటన్ నొక్కి నోరు తెరిచినవాడు, అంకె చెప్పాలన్న మాట గుర్తొచ్చి కాబోలు, వేలు చూపిస్తూ ఒక్కొక్కరినే లెక్కపెట్టాడు. తనతో కలిపి అయిదు. మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ అయిదే.

"సాబ్, పేల్చకుండ్రి. అయిదుగురమే ఉన్నం. కొమురవ్వ లోపలుంది."

"ఇన్న," అన్నాడు సాబ్.

తర్వాత జరిగింది రాత్రి చార్జరు మీద పక్కపక్కన ఉన్నప్పుడు నా తోడు చెప్పింది. సాబ్ అప్పటికే పందుల్ని చూశాడు. ముందు నడిచే ముసలి మగపంది తుపాకీ మొనకు సూటిగా వచ్చింది, దాని వెనక కాస్త దూరంలో మొక్కజొన్న కదులుతోంది. ఆ కదలిక ఇంకో పంది అనుకుని ఎదురుచూస్తున్నాడు. నా మాట వినగానే తుపాకీ మడిచి, రెండు తూటాలూ తీసి జేబులో వేసుకున్నాడు. పదకొండు పందులూ మళ్లీ ఆయన ముందు నుంచే వెళ్లాయి. వాటి వెనక మొక్కజొన్న ఇంకా కదులుతూనే ఉంది.

కొమురవ్వ బయటికి వచ్చేసరికి ఇంకో పావుగంట పట్టింది. భుజం మీద తీగ చుట్ట ఉంది. బీటు ఆఫీసరు చేనులోకి వస్తే మంచె కింద తీగ చూసి కేసు పెడతాడని గట్టెక్కాక గుర్తొచ్చిందట. ఎవరికీ చెప్పకుండా మళ్లీ లోపలికి దూరి, దాన్ని తీసుకుని వాగు వైపు దాచడానికి బయల్దేరింది. అంటే పందులు పోయే దారినే. ఎదురుగా సాబ్, ఆయన ఖాళీ తుపాకీ చూశాక ఆమెకు సంగతి తెలిసింది. చుట్ట కింద పడేసి అక్కడే కూలబడింది. పందులు పోయినయా అని అడిగింది. పోయాయన్నాడు సాబ్. ఆమె ఏడ్చింది. చేను పోయిందని ఏడ్చిందో, తను మిగిలానని ఏడ్చిందో నా తోడు చెప్పలేకపోయింది. సాబ్ తన సీసాలో నీళ్లిచ్చి, నా తోడును ఆమె నోటి దగ్గర పట్టుకున్నాడు.

"ఓదెలన్నా, నేను ఈడున్న," అంది ఆమె.

"సాబ్, ఆరుగురం," అన్నాడు ఓదెలు.

గురువారం మూడోసారి తోలారు. అంకె ముందు వచ్చింది, తుపాకీ తర్వాత పేలింది. ముసలి మగపందితో కలిపి మూడు పడ్డాయి. మిగతావి గుట్ట దాటి పక్క ఊరి పాలయ్యాయి. పక్క ఊరి కష్టం బండమీదిపల్లెకు పెద్దగా పట్టలేదు. రూలు ప్రకారం బీటు ఆఫీసరు ఎదుట గొయ్యి తీసి, కిరసనాయిలు పోసి పందుల్ని పూడ్చారు. అంత మాంసం మట్టిపాలు కావడం చూసి ఊరి మగవాళ్లు పడ్డ దుఃఖం సొంత చుట్టాలు పోయినప్పుడు కూడా పడి ఉండరు. కొమురవ్వకు పంట సగం పైన చేతికొచ్చింది. పొడుగు యాంటెన్నాలు ఎనిమిది రోజులకు కాదు, ఇరవై రోజులకు వచ్చాయి. అవి పెట్టాక నా మాట ఇంకో రెండు వందల గజాలు పోయింది.

తర్వాత అయిదు సీజన్లు తిరిగాను, తొమ్మిది ఊళ్లు చూశాను. ఏ సెట్టు కొనాలని వేరే షూటర్లు సాబ్‌ను అడుగుతుంటారు. బటన్ పెద్దదిగా ఉన్నది కొనండి, కొన్నాక మీ చేలో నడిచి చూసుకోండి, అన్నిటికన్నా ముందు దాన్ని పట్టుకునే మనిషితో మాట్లాడండి అంటాడు. వాళ్లు సరే అని వెళ్లి ఇరవై కిలోమీటర్ల పెట్టె కొనుక్కుంటారు. సాబ్‌కు మోకాళ్లు పట్టేశాక మమ్మల్ని బండమీదిపల్లె పంచాయతీకి ఇచ్చేశాడు. ఇప్పుడు బ్యాటరీలు ఉబ్బి, బీరువాలో పాత ఓటర్ల జాబితాల మీద ఇద్దరం పడుకుని ఉన్నాం. అప్పుడప్పుడూ ఎవరో మమ్మల్ని జరిపి రబ్బరు స్టాంపు వెతుక్కుంటారు. ఇందులో బాధపడాల్సింది ఏమీ లేదు.

ఆ మంగళవారం సంగతి ఒకటి మాత్రం చెప్పాలి. అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక ఓదెలు ఒక్కడే గట్టు మీద ఉండిపోయాడు. డప్పు పక్కన పెట్టి, చాలాసేపు చేనునే చూస్తూ కూర్చుని, మళ్లీ నన్ను నొక్కాడు. సాబ్ అప్పటికి బడి దారిలో ఉన్నాడు.

"సాబ్, మా నాయన దినాలల్ల మా పెదనాయన ఇట్లనే తోలుడుకు పోయి తూట తాకి సచ్చిండు. డప్పు ఆగినంక చేన్ల నుంచి కేకవెట్టి ఒర్లిండట. ఒర్లినందుకే కీడు సోకిందని, అప్పటికెల్లి ఎవరం నోరు తెరుస్తలేము."

బటన్ మీంచి వేలు తీయలేదు.

"గాయిన లోపలున్న అని చెప్పనీకె ఒర్లిండు సాబ్."

వేలు వదిలాడు. అటువైపు సాబ్ బటన్ నొక్కిన చప్పుడు వచ్చింది, మాట మాత్రం రాలేదు. ఆయన దారి పక్కనున్న చేలలో ఆకు కదులుతున్న చప్పుడు మాత్రం నాలోంచి చాలాసేపు వినిపించింది. ఓదెలు నన్ను చెవికి ఆనించుకుని అది వింటూ కూర్చున్నాడు.